మందుకో వేళ, మాటకో చెవి

తెల్లవారుజామున బస్సెక్కి, తొమ్మిది గంటలకల్లా బెంగుళూరులో ఏదో ఒక పెద్దాసుపత్రి ఓపీ వరుసలో నిలబడే పెద్దాయనలు ముళబాగిలు, శ్రీనివాసపురం, బాగేపల్లి వైపు ఊళ్లలో ఎందరో ఉన్నారు. వెంట కొడుకో, మనవడో ఉంటాడు. దారి పొడుగునా ఆ పెద్దాయన ఒకే మాట మనసులో వల్లె వేసుకుంటూ వస్తాడు. 'పొద్దున వేసిన మాత్ర పదకొండింటికి దిగిపోతుంది సార్. మళ్లీ ఒంటిగంట మాత్ర పట్టుకునేదాకా కాళ్లు నేలకు అతుక్కుపోతాయి' అని చెప్పాలి. లోపలికి పిలుపొస్తుంది. డాక్టరు కన్నడంలో 'హేగిద్దీరా' అని అడుగుతాడు. పెద్దాయన నోరు తెరిచేలోగా కొడుకు 'పరవాగిల్ల సార్' అనేస్తాడు. అసలే జబ్బుతో సన్నబడిన గొంతు, ఆ పైన రాని భాష. పాత చీటీ మీదే మరో మూడు నెలలకు మందులు రాసిస్తారు. బయటికొచ్చాక ఆయన, 'చెప్పాల్సింది చెప్పనే లేదు కదరా అబ్బోడా' అంటాడు. అప్పటికి బస్సు వేళయి ఉంటుంది.

ఇందులో తప్పు ఎవరిదని వేలెత్తి చూపలేం. డాక్టరు అడిగాడు, కొడుకు జవాబిచ్చాడు. అయినా ఆ మనిషికి రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా నరకం అలాగే మిగిలిపోయింది. హోసూరు, గుడియాత్తంలో తమిళం, బళ్లారి, రాయచూరులో కన్నడం, బరంపురం, పర్లాకిమిడిలో ఒడియా, సిరొంచ, సోలాపూరులో మరాఠీ. భాష పేరు మారుతుందే గానీ కథ మారదు. యానాం వాళ్లు పక్కనే ఉన్న కాకినాడకు వెళితే డాక్టరుతో తెలుగులోనే మాట్లాడొచ్చు. కానీ అక్కడ కూడా కొడుకు 'బాగానే ఉన్నారండీ' అనేస్తే ఫలితం అంతే. అంటే చిక్కు భాషతోనే పూర్తి కాదు. రోగి మాటను రోగి మాటగా వినే అలవాటు మనకు లేకపోవడంలోనూ ఉంది.

పార్కిన్సన్స్ వ్యాధి విషయంలో ఈ అలవాటు లేకపోవడం చాలా ఖరీదైన లోపం. షుగరుంటే రక్తపరీక్ష అంకె చెబుతుంది, బీపీ ఉంటే పట్టీ కట్టి చూస్తారు. కానీ ఇవాళ ఈ మాత్ర ఈ మనిషికి ఎన్ని గంటలు పనిచేసిందో చెప్పే రక్తపరీక్ష ఏదీ మామూలు ఆసుపత్రుల్లో లేదు. అది చెప్పగలిగింది రోగి, ఆయన పక్కన ఉండే మనిషి మాత్రమే. డాక్టరు మందు మార్చేది వాళ్ల మాట మీదే. ఆ మాట చేరకపోతే ఎంత పెద్ద నిపుణుడైనా చీకట్లో బాణం వేసినట్టే.

ముందు జబ్బు సంగతి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వివరంగా వర్ణించాడు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 11నే ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా జరుపుతున్నారు. మెదడు లోతుల్లో నల్లగా కనబడే ఒక చిన్న భాగంలో నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. అవి తయారుచేసే డోపమిన్ అనే రసాయనం తగ్గిపోతుంది. మనం అనుకున్న కదలికను ఒంటిచేత సాఫీగా చేయించేది ఆ రసాయనమే. అది తగ్గేసరికి కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, ఊరకే కూర్చున్నప్పుడు వేళ్లు వణుకుతాయి. సాధారణంగా ముందు ఒక పక్కే మొదలవుతుంది. సంతకం చిన్నదైపోతుంది, చొక్కా గుండీ పట్టదు, నడకలో ఒక చెయ్యి ఊగదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు పెట్టి చేతులు విసరడం కనబడవచ్చు.

'వణుకుడు రోగం' అన్న పేరుతో రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. వణికే ప్రతి చెయ్యీ పార్కిన్సన్స్ కాదు. గ్లాసు పట్టుకున్నప్పుడో, రాస్తున్నప్పుడో వచ్చే వణుకు వేరే రకం కావచ్చు. అలాగే వణుకు లేదు కాబట్టి ఈ జబ్బు లేదనడానికీ వీల్లేదు. మనకు వణుకంటే కన్నడంలో నడుక, తమిళంలో నడుక్కం. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఏ భాషైనా చాలు. కానీ 'పట్టేసినట్టుంది', 'కాలు లేవట్లేదు', 'ఒళ్లు మొద్దుబారినట్టుంది', 'మందు దిగిపోతోంది' అన్న మాటలు నాలుగింటికీ నాలుగు అర్థాలున్నాయి. వాటిని కలిపి 'నీరసం' అని అనువదిస్తే బలం మాత్రలు రాస్తారు. చాలా ఇళ్లలో ఏడాదీ రెండేళ్లూ ఇలాగే గడిచిపోతున్నాయి. 'వయసైంది, ఏం చేస్తాం' అన్న మాట మరికొంత కాలాన్ని మింగుతోంది.

ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు ఇంతవరకూ లేదు. ఆ మాట దాచిపెట్టి ప్రయోజనం లేదు. కానీ దీనితో చాలా ఏళ్లు, మర్యాదగా, పని చేసుకుంటూ బతకవచ్చన్నది కూడా అంతే నిజం. 1960ల నుంచి వాడుకలో ఉన్న లెవోడోపా ఇప్పటికీ ప్రధానమైన మందు. మెదడులోకి వెళ్లి అది డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే వృథా కాకుండా కార్బిడోపా అనే మరో మందు కలిపి ఇస్తారు. మొదటి కొన్నేళ్లు రోజుకు మూడు మాత్రలతో రోజంతా సాఫీగా నడవవచ్చు. ఆ తర్వాత ఒక్కో మాత్ర పనిచేసే గంటలు తగ్గుతూ వస్తాయి. వేసిన కాసేపటికి మనిషి లేచి తిరుగుతాడు, మందు దిగగానే బొమ్మలా ఉండిపోతాడు. తెలియనివాళ్లు 'ఇందాక బాగానే ఉన్నాడుగా, ఇప్పుడు నటిస్తున్నాడు' అంటారు. నటన కాదు, గడియారం. మోతాదు ఎక్కువైతే ఒళ్లు తనంతట తాను మెలికలు తిరుగుతుంది. అది వేరే బాధ, దాన్ని వణుకుతో కలపకూడదు.

అందుకే ఈ జబ్బులో 'పొద్దున, మధ్యాహ్నం, రాత్రి' అన్న లెక్క చాలదు. ఆరు అంటే ఆరే, పది అంటే పదే. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టాలి. తిండితోనూ ముడి ఉంది. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిసి వెళితే మాత్ర ఒంటికి పట్టడం తగ్గుతుంది. సంగటిలోకి గట్టి పప్పు, పైన గుడ్డు తిని వెంటనే మాత్ర వేసుకుంటే అది సరిగా పట్టకపోవచ్చు. అందుకే భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమని సాధారణంగా చెబుతారు. అలాగని పప్పు, గుడ్డు మానేయకూడదు, మనిషి చిక్కిపోతాడు. ఏ పూట ఎంత తినాలో డాక్టరును అడగాలి. రక్తం కోసం ఇచ్చే ఐరన్ మాత్రను దీనితో కలిపి వేయకూడదు, మధ్యలో ఎడం ఉండాలి. నిదానంగా కరిగే రకం మాత్రను నూరి ఇవ్వకూడదు. అన్నింటికన్నా ముఖ్యం, మందును ఉన్నపళంగా ఆపకూడదు. ఆపితే ఒళ్లు కర్రలా బిగుసుకుని, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

సరిహద్దులో ఉన్నవాళ్లకు మరో ప్రమాదం కూడా ఉంది. ఒక చీటీ బెంగుళూరుదో, వేలూరుదో. ఇంకొకటి తిరుపతిదో, కర్నూలుదో. బంధువుల ఊరికి పోయినప్పుడు అక్కడ చూపించుకుంటాం. ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో వస్తుంది, రెండూ వేసేసుకుంటాం. పైగా అదే మందు 110, 125, 275 అని వేర్వేరు బలాల్లో ఉంటుంది. పేరు చూసి, అంకె చూడకుండా తెచ్చుకుంటే మోతాదు తలకిందులవుతుంది. కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు, అంకె తెలుగులో రాసి జేబులో పెట్టుకోవాలి.

ఆ జేబుచీటీలో ఇంకొక వరుస కూడా ఉండాలి: 'ఇవ్వకూడని మందులు'. వాంతులకు మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, కలవరింతకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటివి డోపమిన్ పనికి అడ్డుపడి జబ్బును ముదురుస్తాయి. తల తిరుగుడుకు రాసే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా అంతే. వీటిని చాలాకాలం వాడితే జబ్బు లేనివాళ్లలో కూడా పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు రావచ్చు. ఊళ్లో మందుల షాపులో 'తల తిరుగుతోంది, ఏదైనా ఇవ్వు' అని అడిగే అలవాటు అందుకే మానుకోవాలి.

ఇక అసలు ఉపాయం. దానికి పైసా ఖర్చు లేదు. నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు రాయండి. తెలుగులోనే రాయండి. మాత్ర ఎన్నింటికి వేశారు, ఎంతసేపటికి పట్టుకుంది, ఎన్నింటికి దిగిపోయింది, అన్నం ఎప్పుడు తిన్నారు, ఎక్కడ పడ్డారు, రాత్రి నిద్ర ఎలా ఉంది అని గంటల ప్రకారం రాస్తే చాలు. వ్యాసం అక్కర్లేదు, టిక్కులైనా సరే. గంటలకు, అంకెలకు ఏ భాషా అడ్డురాదు. ఆ పట్టిక చూసిన డాక్టరుకు 'పదకొండు – ఒంటిగంట' మధ్య ఖాళీ అర నిమిషంలో కనబడుతుంది. మాత్ర దిగిపోయినప్పుడు నడక ఎలా ఉందో సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసిపెట్టండి. ఆసుపత్రిలో మీ వంతు వచ్చే వేళకు మందు పనిచేస్తూ, మనిషి చక్కగా నడిచి వెళ్లవచ్చు. అప్పుడు ఇంట్లో పడే అవస్థకు సాక్ష్యం ఆ వీడియోనే.

వెంట వెళ్లే కొడుకులకు, కోడళ్లకు, మనవళ్లకు ఒక మాట. మీరు అక్కడ వకీళ్లు కారు, దుబాసీలు. ఆయన చెప్పింది చెప్పినట్టు అనువదించండి. తగ్గించి, పెంచి, మర్యాద కోసం మింగేసి చెప్పకండి. ఆయన గొంతు నిదానంగా వస్తుంది, మాట వెతుక్కోవడానికి ఆలస్యమవుతుంది. డాక్టరుతో 'ఒక్క నిమిషం సార్, నాయన చెబుతున్నారు' అనడం అగౌరవమేమీ కాదు. బయటికి వచ్చేముందు కొత్త మందు ఎన్ని గంటలకు వేయాలో మీ పుస్తకంలో రాసుకుని, డాక్టరుకు చదివి వినిపించండి.

ఇంట్లోనూ కొన్ని మార్పులు కావాలి. ఈ రోగుల కాళ్లు ఎక్కువగా అతుక్కునేది గడప దగ్గర, మలుపు దగ్గర, ఇరుకు చోట. అప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు, లాగితే ఇద్దరూ పడతారు. ఒక క్షణం నిలబడనిచ్చి, బరువు ఒక కాలి మీదికి మార్చుకుని 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టి అడుగు వేయించాలి. నేల మీద అడ్డగీతలు గీస్తే, గీత దాటడానికి కాలు తనంతట తాను లేస్తుంది. నడవలో సుద్దముక్కతో నాలుగు గీతలు గీయడం మన ఆడవాళ్లకు నేర్పాల్సిన విద్య కాదు. వెనక్కి తిరగాలంటే నిలబడ్డచోటే గిరుక్కున తిరగకుండా బండి మళ్లించినట్టు చుట్టూ తిరిగి రావాలి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి ఒక చిన్న లైటు ఉండాలి. మంచం మీది నుంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవాలి, లేకపోతే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, చిన్న ముద్దలు పెట్టుకోవాలి, మధ్యలో మాట్లాడించకూడదు. మాటిమాటికీ పొరబోతుంటే డాక్టరుకు చెప్పితీరాలి. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది.

రోజూ నడక, వ్యాయామం మందంత అవసరం. గొంతుకూ వ్యాయామం కావాలి. పేపరు గట్టిగా చదివించండి. పక్క రాష్ట్రం బడిలో తెలుగు రాకుండా పెరుగుతున్న మనవరాలికి తాత చేత రోజూ ఒక వేమన పద్యం గొంతెత్తి చెప్పించండి. తాతకు గొంతు, పిల్లకు భాష, రెండూ నిలబడతాయి.

పైకి కనబడని బాధలున్నాయి. ముఖ కండరాలు బిగుసుకోవడం వల్ల ముఖాన నవ్వు కనబడదు. చుట్టాలు 'పలకరించినా మొహం చిట్లించుకున్నాడు' అనుకుంటారు. బజారులో తూలితే తాగాడంటారు. దాంతో పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తాడు, రచ్చబండ మానేస్తాడు. దిగులు ఈ జబ్బులో ఒక భాగమే, మనసు బలహీనత కాదు, దానికీ మందుంది. లేని మనుషులు కనబడుతున్నారని చెబితే గాలి సోకిందని తాయెత్తు కట్టించకుండా డాక్టరుకు చెప్పాలి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడేవారిలో కొందరికి ఉన్నట్టుండి పేకాట మీదో, కొనుగోళ్ల మీదో అదుపులేని యావ పుట్టవచ్చు. సిగ్గుపడి దాచుకుంటే ఇల్లు గుల్లవుతుంది.

ఇంత చాకిరీ చేసేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో భార్య, లేదా కోడలు. ఆరింటి మాత్ర నుంచి అర్ధరాత్రి పక్క మార్చడం దాకా ఆమెదే. ఆమె నడుము నొప్పికి, ఆమె నిద్రకు లెక్క లేదు. వేరే ఊళ్లో ఉద్యోగం చేసే కొడుకు డబ్బు పంపి బాధ్యత తీరిందనుకుంటే సరిపోదు. వారానికి ఒక పూటైనా వేరొకరు ఆ గడియారాన్ని చేతికి తీసుకుని, ఆమెను పుట్టింటికో, గుడికో పంపాలి. మనసు బరువెక్కినప్పుడు మాట్లాడటానికి 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత ఫోన్ 14416 ఉంది. దానిలో తెలుగు ఎంచుకోవచ్చు.

దూలగొండి గింజల పొడి గురించి చాలామంది అడుగుతుంటారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజం. మద్రాసులోని శాస్త్రవేత్తలు 1937లోనే దాన్ని వేరుచేసి చూపారు. సరిగ్గా అందుకే జాగ్రత్త అవసరం. ఏ చెంచాలో ఎంత మందు ఉందో తెలియదు. మాత్రల మీద ఆ పొడి కూడా వేస్తే మోతాదు మీరిపోతుంది. వాడుతుంటే డాక్టరుకు దాచవద్దు.

ఇక ప్రభుత్వాలు చేయాల్సింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ జబ్బు లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో దీన్ని చేర్చారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందితే ఆయా రాష్ట్రాల నిబంధనల ప్రకారం పింఛను, ఇతర రాయితీలకు అడగవచ్చు. ఆ పత్రం దేశమంతటా చెల్లుతుందని చట్టమే చెబుతోంది. ఈ సంగతి తెలియక దరఖాస్తు కూడా పెట్టని కుటుంబాలు సరిహద్దుకు ఇవతల ఎన్నో. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో పని లేకుండా ఏటా అయిదు లక్షల దాకా వైద్యం ప్రకటించారు, మంచిదే. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. పార్కిన్సన్స్ కుటుంబాన్ని కుంగదీసేది నెలనెలా కొనే మాత్రలు. లెవోడోపా–కార్బిడోపా జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. జిల్లా, తాలూకా ఆసుపత్రుల్లో అది ఏ నెలా నిండుకోకుండా చూడాలి.

ఆసుపత్రుల వార్డుల్లోనూ ఈ గడియారం మోగాలి. తుంటి విరిగి చేరిన పార్కిన్సన్స్ రోగికి వార్డు పద్ధతి ప్రకారం పూటకోసారి మందు ఇస్తే కాలు అతికేలోగా మనిషి మంచాన పడతాడు. ఆపరేషనుకు కడుపు ఖాళీగా ఉంచమన్నప్పుడు ఈ మాత్ర సంగతేమిటని ముందే అడగాలి. సరిహద్దు జిల్లాల పెద్దాసుపత్రుల్లో వారానికి ఒక్కరోజైనా తెలుగు తెలిసిన ఒక నర్సమ్మనో, సహాయకుడినో ఓపీ గది దగ్గర కూర్చోబెట్టడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఇది అడగడానికి జంకనవసరం లేదు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి విన్నపం ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. మన తెలుగు సంఘాలు ఉగాది వేడుకలతో పాటు ఈ విన్నపం మీద కూడా నాలుగు సంతకాలు పెట్టించాలి.

అవన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేనిది ఆ నోటుపుస్తకం. వచ్చే మూడు నెలలకు ఆ పెద్దాయన మళ్లీ అదే బస్సెక్కుతాడు. ఈసారి ఆయన చంకలో ఒక పుస్తకం, కొడుకు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో ఉండనివ్వండి. డాక్టరు 'హేగిద్దీరా' అన్నప్పుడు కొడుకు నోరు మూసుకుని ఆ పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే చాలు. పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య ఉన్న ఆ రెండు గంటలు ఆయన బతుకులోవి. వాటిని ఆయనకు తిరిగి ఇప్పించడం మన చేతుల్లో ఉన్న పనే.